మన ఆధార్ జిరాక్స్ కౌన్సిలర్ గారి ఇంట్లో ఎందుకుంది?

ప్రశ్న, క్లుప్తంగా: "మాది ఆంధ్రప్రదేశ్‌లో చిన్న మున్సిపాలిటీ. కొన్ని నెలల కిందట వార్డు కౌన్సిలర్ గారి మనుషులు ఇంటింటికీ వచ్చి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫోన్ నంబర్లు తీసుకెళ్లారు. పథకాలకు పనికొస్తాయన్నారు. ఇప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షలు, పార్టీ మీటింగు మెసేజ్‌లు వస్తున్నాయి. పోయిన వారం వార్డు వాట్సాప్ గ్రూపులో పింఛన్ల లిస్టు పెట్టారు. అందులో మా అమ్మ పేరు, ఆధార్ నంబరు, అకౌంట్ నంబరు అన్నీ ఉన్నాయి. వాళ్లకి ఆ హక్కు ఉందా? నేనేం చేయాలి?"

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి, మేనేజరుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా మున్సిపల్ ఆఫీసుల్లోనే గడిచింది. నాలుగు ఊళ్లు మారాను, చాలామంది కౌన్సిలర్లను చూశాను. లాయర్ని కాదు. ఆఫీసులో కాగితం ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదికి పోతుందో మాత్రం బాగా తెలుసు.

ముందు సూటిగా జవాబు. మీ ఆధార్, పాస్‌బుక్ అడిగి తీసుకునే అధికారం కౌన్సిలర్‌కి ఏ చట్టమూ ఇవ్వలేదు. మీరే ఒక పని కోసం మీ చేత్తో ఇస్తే ఆ పనికి వాడుకోవాలి, అంతవరకే. దానిలోంచి నంబర్లు ఏరి పార్టీ మెసేజ్‌లు పంపడం తప్పు. ఆధార్ నంబర్లున్న లిస్టును గ్రూపులో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదని, ప్రదర్శించకూడదని 2016 నాటి ఆధార్ చట్టం సెక్షన్ 29(4) చెబుతోంది. మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సింది మున్సిపల్ కమిషనర్‌కి. ఎందుకంటే ఆ లిస్టు కౌన్సిలర్ సొంతంగా తయారుచేసుకున్నది అయ్యుండదు. అకౌంట్ నంబర్లతో సహా వరుసగా ఉందంటే ఆఫీసు లాగిన్‌లోంచే దిగి ఉంటుంది. కాబట్టి మీరు పట్టుకోవాల్సిన ప్రశ్న "కౌన్సిలర్ ఎందుకు పెట్టాడు" అన్నది కాదు, "ఆ లిస్టు ఆయన చేతికి ఎవరిచ్చారు" అన్నది.

ఇక మిగతా సంగతులు వివరంగా.

కౌన్సిలర్ ఒక్కడే కానీ ఆయన కూర్చునే చోట్లు మూడు. ఒకటి కౌన్సిల్ హాలులో కుర్చీ. అక్కడ ఆయన మున్సిపాలిటీలో భాగం. రెండోది ఆయన ఇంటి అరుగు. పొద్దున్నే ఏడింటికి కుళాయి రావట్లేదని ఒకరు, పింఛన్ ఆగిందని ఒకరు వచ్చి నిలబడతారు. అక్కడ ఆయన మీ తరఫు మనిషి. మూడోది మెడలో కండువా వేసుకుని నిలబడే చోటు. అక్కడ ఆయన పార్టీ మనిషి. కుర్చీలో ఉన్నప్పుడు చూసిన కాగితాన్ని అరుగు మీదికి తేకూడదు. అరుగు మీద మీరిచ్చిన కాగితాన్ని కండువా పనికి వాడకూడదు. నేను చూసిన గొడవల్లో తొంభై పాళ్లు ఈ మూడూ కలిసిపోవడం వల్ల వచ్చినవే. పాపం చాలామందికి అవి మూడు వేరు వేరని కూడా తెలియదు. "నా వార్డు, నా జనం, నా లిస్టు" అనుకుంటారు.

ఈ విభజన నా సొంత తెలివి కాదు. మా అమ్మాయి బ్రిటన్‌లో ఉంటుంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు వాళ్ల వీధిలో చెత్త బండి సంగతి కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టింది. "మీ వివరాలు కౌన్సిల్ శాఖకి పంపవచ్చా?" అని ముందు అడిగి, ఆ తర్వాతే ఆయన పని మొదలుపెట్టాడు. నాకు వింతగా అనిపించి ఆరా తీశాను. కౌన్సిల్ సభ్యుడిగా, వార్డు జనం ప్రతినిధిగా, పార్టీ మనిషిగా మూడు పాత్రలు విడివిడిగా చూసుకోవాలని అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం కౌన్సిలర్లకు సూచనలు ఇస్తుంది. జనం కోసం పనిచేసేటప్పుడు ఆ సమాచారానికి కౌన్సిలరే స్వయంగా బాధ్యుడు, కౌన్సిల్ కాదు. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. కనీసం ఏది తప్పో ముందే రాసిపెట్టుకున్నారు.

మన దగ్గర ఎలా జరుగుతుందో చెప్పాలంటే నా తప్పుతోనే మొదలుపెట్టాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో ఉండగా ఒక కౌన్సిలర్ గారు వచ్చి, "మేనేజరు గారూ, మా వార్డు పింఛన్ల లిస్టు ఒకటి ఇప్పించండి, చచ్చిపోయినవాళ్ల పేర్లు తీయించాలి" అన్నారు. మంచి పనే కదా అని ఆపరేటర్‌కి చెప్పాను. ఆపరేటర్ పేర్లు మాత్రమే విడగొట్టడం ఎందుకు, టైం దండగ అని మొత్తం షీటు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాడు. ఫోన్ నంబర్లు, అకౌంట్ నంబర్లు, వికలాంగుల శాతాలు, ఒంటరి మహిళల వివరాలు అన్నీ అందులోనే. నేను చూడలేదు. సంతకం పెట్టలేదు కాబట్టి రికార్డు కూడా లేదు. తర్వాత ఎన్నికలొచ్చాయి. ఒక ముసలావిడ ఆఫీసుకొచ్చి, "మీ ఓటు మాకే కదమ్మా, మీ పింఛన్ మేమే ఇప్పించాం అని పేరు పెట్టి ఫోన్ చేస్తున్నారయ్యా, నా నంబరు వాళ్లకెట్టా తెలిసింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జవాబు నేనే.

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కౌన్సిలర్ ఎవరైనా సరే, లిస్టు కావాలంటే కాగితం మీద రాసివ్వాలి, దేనికో రాయాలి. పేరు, ఇంటి నంబరు, పింఛన్ రకం వరకే ప్రింటు. సాఫ్ట్ కాపీ ఇచ్చేది లేదు. కొందరికి కోపాలొచ్చాయి. ఒకాయన ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

కౌన్సిలర్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. రికార్డులు చూసే హక్కు వాళ్లకి లేదని నేను అనట్లేదు. సభ్యుడు ముందుగా నోటీసు ఇచ్చి ఆఫీసు వేళల్లో మున్సిపల్ రికార్డులు చూడొచ్చని మన పాత మున్సిపల్ చట్టంలోనే ఉంది. ఖర్చులు, టెండర్లు, పనుల కొలతల పుస్తకాలు చూడకపోతే కౌన్సిలర్ ఉండి లాభమేముంది? కానీ ఆఫీసులో కూర్చుని చూడటం వేరు, ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇంటికి పట్టుకెళ్లడం వేరు. మున్సిపాలిటీలో ఫైళ్లకు, రికార్డులకు బాధ్యుడు కమిషనర్. ఆయన్ని దాటి కింది ఉద్యోగి ఇచ్చిన లిస్టు ఏదైనా దొడ్డిదారిన ఇచ్చినట్టే లెక్క.

అయితే అసలు మీ సమాచారం ఎవరెవరి దగ్గర ఉంటుంది? మీరు అనుకునేదానికంటే ఎక్కువమంది దగ్గర. ఇంటి పన్ను వివరాలు రెవెన్యూ సెక్షన్‌లో, బిల్లు కలెక్టర్ దగ్గర. పొదుపు సంఘంలో మీ ఇంటి ఆడవాళ్లు ఉంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) తరఫున సంఘాల పని చూసే ఆర్పీ దగ్గర ఆధార్, అకౌంట్, అప్పు ఎంతుందో సహా. వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి, విద్య–డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి, మహిళా కార్యదర్శి ఎవరి పని మేరకు వాళ్ల దగ్గర కొంత. 2019 ఆగస్టు 15న మొదలైన వలంటీర్ వ్యవస్థలో దాదాపు 50 ఇళ్లకు ఒకరు చొప్పున రెండున్నర లక్షల మందికి పైగా పనిచేశారు. వాళ్లలో చాలామంది నిజాయితీగా కాళ్లరిగేలా తిరిగారు, అందులో సందేహం లేదు. కానీ ఒక్కొక్కరి సొంత ఫోన్‌లో గ్యాలరీ నిండా పేటవాళ్ల కార్డుల ఫొటోలు ఉండేవి. ఉద్యోగం పోయినంత మాత్రాన గ్యాలరీ ఖాళీ అవదు కదా. కౌన్సిలర్ల విషయమూ అంతే. తెలంగాణలో 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు తీరిపోయింది. కుర్చీ పోయింది, ఫోన్‌లోని లిస్టు పోలేదు.

ఇంకొకటి. ఏ సమాచారం రహస్యం, ఏది కాదు అనే దాంట్లో జనంలోనూ గందరగోళం ఉంది. మీ పేరు, ఇంటి నంబరు, వయసు ఓటర్ల జాబితాలో ఉంటాయి. అది బహిరంగ పత్రం, పార్టీలకు అధికారికంగానే ఇస్తారు. కాబట్టి "నా పేరు, ఇంటి నంబరు ఆయనకెలా తెలుసు" అని కౌన్సిలర్ మీద పోట్లాటకు వెళ్తే మీరే ఓడిపోతారు. ఇంటి పన్ను బకాయి కూడా పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో అసెస్‌మెంట్ నంబరుతో ఎవరైనా చూడొచ్చు. కానీ ఓటర్ల జాబితాలో మీ ఫోన్ నంబరు ఉండదు, పుట్టిన తేదీ ఉండదు. మీకు సరిగ్గా పుట్టినరోజు నాడే శుభాకాంక్షలు వచ్చాయంటే అది ఓటర్ల జాబితా పుణ్యం కాదు, మీ ఆధార్ జిరాక్స్ పుణ్యం. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

పథకాల లబ్ధిదారుల జాబితా సంగతి ఇంకా చిక్కు. దాన్ని దాచమని నేను అనను. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతుంది. రేషన్ రికార్డులు జనానికి అందుబాటులో ఉండాలని ఆహార భద్రత చట్టం చెబుతుంది. గోడ మీద లిస్టు అంటించడం వల్లే బోగస్ పేర్లు బయటపడతాయి. డాబా ఇల్లున్నవాడికి పేదల ఇల్లు మంజూరైందని వీధిలోవాళ్లే కదా పట్టుకునేది. నేను పాటించిన కొలత ఒకటుంది: ఎవరికి, ఏ పథకం, ఎంత అన్నది గోడ మీద ఉండొచ్చు, ఆధార్, అకౌంట్, ఫోన్, జబ్బు, కులం ఉండకూడదు. మొదటి మూడూ చాలు దొంగని పట్టడానికి. మిగతావన్నీ దొంగకి పనికొచ్చేవి.

ఇది తెలియకో, బద్ధకం వల్లో పెద్ద పెద్ద శాఖలే చేతులు కాల్చుకున్నాయి. 2017 మేలో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు పరిశీలించి, సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని లెక్క తేల్చింది. ఆ నాలుగింట్లో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్‌తో పాటు కులం, మతం కూడా కనిపించాయి. అందులో కుట్ర ఉందని నేననుకోను. మా ఆపరేటర్ పెన్‌డ్రైవ్‌లో వేసినట్టే అక్కడ ఎవరో మొత్తం షీటు వేసేసి ఉంటారు.

కాగితాల గతి కూడా ఇంతే. 2024 జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ప్రజాపాలన దరఖాస్తులు చెల్లాచెదురుగా పడి ఉన్న వీడియో మీరు చూసే ఉంటారు. ఆరు గ్యారంటీల కోసం జనం రాత్రింబవళ్లు లైన్లో నిలబడి ఇచ్చిన కాగితాలవి. డేటా ఎంట్రీ కోసం బైకు మీద తీసుకెళ్తుంటే పడిపోయాయి. జీహెచ్‌ఎంసీ బాధ్యుల్ని సస్పెండ్ చేసింది. అది కెమెరాకి దొరికింది కాబట్టి వార్త అయింది. ఒక ఊళ్లో మా ఆఫీసు పాత కాగితాలు తూకానికి అమ్మిన వారానికి, బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు కొంటే ఫొటోతో ఉన్న వితంతు పింఛన్ దరఖాస్తులో పొట్లం కట్టిచ్చారు. ఆ పొట్లం అలాగే పట్టుకెళ్లి మా కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన కాసేపు చూసి, "బజ్జీలు ఏవీ?" అన్నారు. నవ్వేసి ఊరుకోలేదు లెండి, ఆ సాయంత్రమే చించే మిషన్‌కి ఇండెంట్ పెట్టించారు. అది రెండేళ్లకి వచ్చింది, ఆర్నెల్లకి చెడిపోయింది.

మీరు అడగకపోయినా చెప్పాల్సినది, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకోటుంది. అదే ఫిర్యాదుదారుడి పేరు. పక్కింటివాడు అనుమతి లేకుండా మూడో అంతస్తు లేపుతున్నాడని మీరు అర్జీ పెడతారు. లేదా కౌన్సిలర్‌కి వాట్సాప్ చేస్తారు. ఆయన దాన్ని అలాగే టౌన్ ప్లానింగ్ వాళ్లకి ఫార్వర్డ్ చేస్తాడు, వాళ్లు ఇల్లు కట్టేవాడికి చూపిస్తారు: "మేమేం చేస్తాం సార్, వీళ్లు పెట్టారు." సాయంత్రానికి పక్కింటివాడు మీ గుమ్మం ముందుంటాడు. ఒక ఊళ్లో ఇలాగే ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటి కుళాయి పైపు మూడుసార్లు పగలగొట్టారు. మాస్టారు ఇచ్చిన అర్జీ ఫొటో, సంతకంతో సహా, కట్టేవాడి ఫోన్‌లో ఉంది. ఎవరు పంపారని నేను అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

ఆ తర్వాత మా సెక్షన్‌లో అర్జీ పైన పేరు, అడ్రసు ఉన్న భాగం కనపడకుండా మూసి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌నే ఫీల్డ్‌కి పంపడం అలవాటు చేశాం. ఒరిజినల్ నా బీరువాలో ఉండేది. కొందరు తెలివైనవాళ్లు ఆర్టీఐ పెట్టి "నా మీద ఫిర్యాదు చేసిందెవరు" అని అడుగుతారు. చట్టం అమలు కోసం నమ్మకంగా సమాచారం ఇచ్చినవాళ్లు ఎవరో బయటపడే ప్రమాదం ఉంటే ఆ వివరం ఇవ్వక్కర్లేదని అదే ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(జి)లో ఉంది. కాబట్టి అలాంటి అర్జీ పెట్టేటప్పుడు "నా వివరాలు గోప్యంగా ఉంచగలరు" అని మీరే ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం ఉంటే ఆఫీసులో మాలాంటివాళ్లకి పట్టుకోడానికి ఒక కొమ్మ దొరుకుతుంది. లేకపోతే పై నుంచి ఫోన్ వచ్చినప్పుడు కాదనడానికి మా దగ్గర ఏమీ ఉండదు.

జనన మరణాల రిజిస్టరు సంగతి కూడా ఇంతే సున్నితం. ఆస్తి తగాదాలో ఉన్న ఒక కుటుంబం తరఫున ఒక కౌన్సిలర్ గారు వచ్చి, ఫలానా మనిషి దేనివల్ల చనిపోయాడో రాసివ్వమన్నారు. రిజిస్టరులో కారణం ఉంటుంది. కానీ ఎవరికి మరణ ధ్రువపత్రం ఇచ్చినా అందులో చావుకి కారణం రాయకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. అంటే ఆ చట్టం రాసినవాళ్లకి ఆ రోజుల్లోనే ఈ ఇంగితం ఉంది. చట్టం పేజీ తెరిచి చూపిస్తే ఆయన కూడా మారుమాట్లాడకుండా వెళ్లిపోయారు. నా అనుభవంలో సెక్షన్ నంబరు చూపిస్తే సగం ఒత్తిడి తగ్గిపోతుంది. ఎందుకంటే ఆయన కూడా తన దగ్గరికి వచ్చినవాళ్లకి ఏదో ఒక జవాబు చెప్పుకోవాలి కదా.

ఇప్పుడు కొత్త చట్టం సంగతి, చాలామంది దీని మీద ఎక్కువ ఆశలు పెట్టుకుంటున్నారు కాబట్టి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో చెప్పింది. దాని తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కానీ మనలాంటివాళ్లకి పనికొచ్చే హక్కులు, డేటా పెట్టుకున్నవాళ్ల బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే దాకా ఆగాలి. పథకాల కోసం ప్రభుత్వం వాడుకునే డేటాకి చాలా సందర్భాల్లో మన అంగీకారం మళ్లీ అడగనక్కర్లేదని కూడా అందులో ఉంది. ఆ వెసులుబాటు ప్రభుత్వానికి, దాని సంస్థలకి మాత్రమే. కౌన్సిలర్ పార్టీ ఆఫీసుకి కాదు.

ఒక చిన్న మెలిక చూడండి. ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్నదానికే వర్తిస్తుంది. మీ జిరాక్స్ కౌన్సిలర్ గారి టేబుల్ సొరుగులో కాగితంగా ఉన్నంతవరకు దాని పరిధిలోకి రాదు. ఫోన్‌తో ఫొటో తీసిన క్షణం వస్తుంది.

అదే చట్టం వల్ల ఒక నష్టం అప్పుడే మొదలైంది. ఆర్టీఐలో సెక్షన్ 8(1)(జె)ని మార్చేశారు. ఇదివరకు వ్యక్తిగత సమాచారం అన్నప్పటికీ, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు ఆ క్లాజులో ఆ మాట లేదు. సెక్షన్ 8(2) కింద మాత్రం ప్రజా ప్రయోజనం వాదన ఇంకా ఉంది. అది ఎత్తి చూపకపోతే, మీ వార్డులో బోగస్ పింఛన్లు ఎన్ని అని అడిగినా "వ్యక్తిగత సమాచారం" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. మీ అమ్మగారి ఆధార్‌ని బయటికి వదిలిన ఆఫీసే ఆ జవాబు ఇచ్చినా మీరు ఆశ్చర్యపోకండి.

ఇక మీరు చేయాల్సినవి. ముందు గ్రూపులోని లిస్టు స్క్రీన్‌షాట్ తీయండి, పెట్టినవారి పేరు, తేదీ, టైం కనిపించేలా. తీసుకున్నాకే డిలీట్ చేయమని అడగండి. వరస మారిస్తే సాక్ష్యం పోతుంది. అడగడం కూడా గ్రూపులో వద్దు, అక్కడ ఆయన పరువు సమస్య అవుతుంది. ఫోన్ చేసి, "కౌన్సిలర్ గారూ, అమ్మ అకౌంట్ నంబరు కనపడుతోందండీ, మోసగాళ్ల చేతిలో పడుతుందేమో అని టెన్షన్‌గా ఉంది, కాస్త తీయించండి" అనండి. పదిమందిలో ఎనిమిది మంది వెంటనే తీసేస్తారు. చాలామందికి అది తప్పని తెలియకే పెడతారు.

తీసినా సరే, కమిషనర్‌కి అర్జీ ఇవ్వండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు నంబరు వస్తుంది. పోలీసుల దగ్గరికి ముందే వెళ్లమని నేను చెప్పను. ఆధార్ నంబరు బయటపడిందని వెళితే చాలా స్టేషన్లలో "డబ్బు పోయిందా?" అని అడుగుతారు. పోలేదంటే పంపేస్తారు. ఒకవేళ డబ్బు పోతే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆధార్ సంస్థ హెల్ప్‌లైన్ 1947, అక్కడ కూడా ఫిర్యాదు నమోదు చేయించండి.

అమ్మగారి బయోమెట్రిక్ లాక్ చేయమని, అంటే ఆధార్‌లో వేలిముద్ర పనిచేయకుండా ఆపేయమని, చాలామంది సలహా ఇస్తారు. సలహా మంచిదే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌ల డీలరు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆధార్ నంబరూ వేలిముద్రా ఒకే చోట దొరికితే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. కానీ లాక్ చేసిన సంగతి మర్చిపోతే ఒకటో తారీఖున పింఛన్ ఇచ్చేవాళ్ల దగ్గర అమ్మగారి వేలిముద్ర పడదు. అది తాత్కాలికంగా తెరుచుకునే వీలుంది, ఆ పని మీరే చేయాలి. మీరు వేరే ఊళ్లో ఉండి, అమ్మగారు ఒక్కరే ఉంటే లాక్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఇకపై ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. కొన్ని పథకాలకు పూర్తి నంబరు తప్పదు. అప్పుడు జిరాక్స్ మీద, ఫొటోకి అడ్డంగా, నీలం పెన్నుతో "ఫలానా పని కోసం మాత్రమే" అని తేదీ వేసి రాయండి. మోసగాడిని అది ఆపదు. కానీ రేపు ఆ కాగితం ఇంకెక్కడో తేలితే ఎవరికిచ్చిన కాపీయో తెలిసిపోతుంది. అదే కౌన్సిలర్ గారి మనుషులు వస్తే, "ఏ పథకానికండీ, ఫారం ఉందా?" అని అడగండి. ఫారం లేకపోతే సచివాలయంలో ఇచ్చుకుంటాం అని మర్యాదగా పంపించేయండి. ఆడవాళ్లు ఒక్కరే ఉండే ఇళ్లలో, ముఖ్యంగా మొగుడి నుంచో పుట్టింటి నుంచో దూరంగా వచ్చి ఉంటున్నవాళ్లు, కొత్త అడ్రసు ఎవరి చేతికి ఇస్తున్నారో ఇంకా జాగ్రత్త పడాలి. ఒకసారి ఒక కౌన్సిలర్ చీటీ పట్టుకుని వచ్చిన మనిషికి మా కౌంటర్‌లోవాళ్లు ఒకమ్మాయి అద్దెకుంటున్న ఇంటి నంబరు చెప్పేశారు. ఆ వారమే ఆ అమ్మాయి ఊరు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లిందో మాకు తెలియదు, తెలియకపోవడమే మంచిదైంది.

అర్జీ పెద్దగా రాయకండి. ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు, నేనైనా చదివేవాణ్ణి కాదు. ఇలా రాయండి: "ఫలానా తేదీన ఫలానా వార్డు వాట్సాప్ గ్రూపులో మా అమ్మగారి ఆధార్, బ్యాంకు అకౌంట్ నంబర్లతో కూడిన పింఛన్ల జాబితా పెట్టారు. స్క్రీన్‌షాట్ జతపరిచాను. ఇది ఆధార్ చట్టం సెక్షన్ 29(4)కి విరుద్ధం. ఈ జాబితా ఏ ఉద్యోగి లాగిన్ నుంచి, ఎవరి అనుమతితో బయటికి వెళ్లిందో విచారించి, తీసుకున్న చర్య నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. నా పుట్టిన తేదీ, ఫోన్ నంబరు పార్టీ సందేశాలకు వాడుతున్నారు, ఇవి పథకాల కోసమని తీసుకున్న ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు నుంచి వెళ్లినవి." రెండు కాపీలు తీసుకెళ్లండి. స్క్రీన్‌షాట్‌లో మిగతావాళ్ల నంబర్లు కనిపించకుండా నల్ల పెన్నుతో కొట్టేయండి, లేకపోతే మీరూ అదే పని చేసినట్టవుతుంది. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నంబరు వేయకుండా "వేశాం లెండి" అంటారు. కౌంటర్ దగ్గర నిలబడే చూసుకోండి.